అందరి పేరూ ఇంటాయనే

నారాయణఖేడ్ బస్టాండు, పొద్దున పూట. హైదరాబాద్ బస్సు ఆగేచోట జొన్నరొట్టెల సంఘం తరఫున ముగ్గురు ఆడవాళ్ళు. నిలబడ్డచోట కాలు నిలవని రేవమ్మ, పట్నం పంపాల్సిన రొట్టెల పార్సిల్ పట్టుకున్న సౌభాగ్య, సంఘం వాళ్ళకు ఫోను నేర్పే నుజహత్. నుజహత్ చెవి దగ్గర నుంచి సంఘం ఫోను అప్పుడే కిందికి దిగింది.

"ఏమన్నడు నుజహత్? ఏడిదాంక వచ్చిండట?"

"ఆఁ... జోగిపేట దాటిందట."

"జోగిపేట దాటిందా! ఇంటివా సౌభాగ్యా, జోగిపేట దాటిండట మా ఆయన. ఇగ ఎంతసేపు, ఇట్లంటే అట్ల వస్తడు. మల్ల ఇంకేమన్నడు బిడ్డా?"

"ఇంకేమనలేదు రేవక్కా."

"ఏమనలేదంటే? గొంతెట్లుంది? కోపంగుందా, చల్లగుందా?"

"సిగ్నల్ మంచిగ లేకుండె. కట్ అయింది."

"కట్ అయిందా, నువ్వే కట్ చేసినవా? నేను చూస్తనే ఉన్న. వేలు పెట్టి ఒత్తినవు."

"అరే, చెవి తగిలిందక్కా."

"చెవికి వేళ్ళుంటయా బిడ్డా?"

"రేవక్కా, పిల్లను జర ఊపిరి తీసుకోనీ. కోడి కూసిన కాడి నుంచి అడిగిందే అడుగుతున్నవు. కూసో జర."

"కూసుంటే చీర నలుగుతది సౌభాగ్యా."

"అబ్బో! పెండ్లిల గూడ ఇంత సింగారించుకున్నవో లేదో. పూలు గూడ పెట్టినవు."

"అంగడికి పోతే చవుకగ ఇచ్చిండు, పెట్టుకున్న. నీకెందుకే?"

"అంగడి ఇయ్యాల కాదు గద అక్కా."

"ఊకో సౌభాగ్యా! నుజహత్, ఇంకోసారి చెయ్. నేను మాట్లాడుత."

"నువ్వా? నువ్వేం మాట్లాడుతవు?"

"ఏమో. 'ఛాయ్ తాగినవా' అంట. మొదలు అదే అనాలె గద. ఇయ్యి ఇటు."

"వద్దక్కా. బ్యాటరీ లేదు."

"పొద్దుగాల చార్జింగ్ నుంచి నేనే తీసిన. నిండ ఉండె."

"సౌభాగ్యక్కా, జర ఇటు పక్కకు రా. పార్సిల్ గురించి ఒక ముచ్చట చెప్పాలె."

"పార్సిల్ ముచ్చటకు పక్కకెందుకు? ఈడనే చెప్పు."

"ఈడ వద్దు."

"రేవక్క ముంగట నాకు దాపరికమేంది? నా పన్ను ఊడినప్పుడు దవాఖానకు ఎత్తుకపోయింది ఈ రేవక్కనే. చెప్పు."

"యా అల్లా... మనం ముగ్గురం ఇంటికి పోదామా? పార్సిల్ మళ్ళొచ్చే బస్సుకిద్దాం."

"ఏమైందే నీకు? మొఖం చూడు, సున్నం కొట్టినట్టయింది. నుజహత్! బస్సుకేమన్న అయిందా?"

"బస్సుకేం కాలేదు రేవక్కా."

"మరి ఆయనకేమన్న..."

"ఆయనకు గూడ ఏం కాలేదు. అంటే... ఆయన సంగతి నాకు తెల్వదు."

"తెల్వదా? ఇప్పుడే గద మాట్లాడినవు!"

"రేవక్కా, నువ్వు కూసో. చీర నలిగితే నలగనీ. కూసుంటేనే చెప్త."

"శివనే! ఇగో, కూసున్న. చెప్పు."

"ఫోను నేర్పిన మొదటి దినం యాదికుందా? మీకు తెలిసిన నంబర్లు ఫోన్ల పెడదాం అన్న. మీరందరు మొగోళ్ళ నంబర్ చీటీలు తెచ్చిండ్రు."

"తెచ్చినం. ఇంకెవల నంబర్లు తెస్తం?"

"పేరు చెప్పుండ్రి అన్న. ఒక్కరన్న చెప్పిండ్రా?"

"మొగని పేరు నోట్లకెల్లి ఎట్ల తీస్తరే! ఆయనకు ఆయుష్షు తగ్గుతది."

"ఒక్కొక్కరు కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుడే నవ్వుడు. 'మా ఇంటాయన అని రాయి', 'మా ఇంటాయన అని రాయి'. మా సాబేరా చాచీ గూడ గంతే. నేను గూడ నవ్విన. తమాష అనుకున్న. అందరికి గట్లనే రాసేసిన."

"రాస్తే ఏమైంది?"

"ఆ ఫోన్ల అందరి పేరూ ఇంటాయనే రేవక్కా. మొన్న నీ మెసేజ్ వేరే ఇంటాయనకు పంపిన. 'వస్తున్న' అన్న జవాబు గూడ ఆయనదే."

"వేరే ఇంటాయన ఏంది? నా ఇంటాయన నాకే ఉంటడు గద."

"నీకు నీయనే. ఫోన్ల ఇంకో ఆయన. నేను పేరు చూసి ఒత్తిన, నంబర్ చూడలే. ఇప్పుడు ఎత్తింది మీ ఆయన కాదక్కా."

"మరెవరు? ఎవరు నుజహత్?"

"ఎత్తంగనే... 'సౌభాగ్యా' అన్నడు."

"అయ్యో, రొట్టెలు! పార్సిల్ కింద పడ్డది సౌభాగ్యా. ఇరిగినయేమో చూడు."

"ఇరగనీ రేవక్కా. ఏమన్నడు? నా పేరు తీసి ఏమన్నడు వాడు?"

"'జోగిపేట దాటిన, నీ మాట పట్టుకొనే వస్తున్న' అన్నడు. నాకు భయమై ఒత్తేసిన."

"నా మాటనా? నేనెప్పుడన్న మాట వానికి? ఏం రాసిండ్రు మీరు? ఏం రాసిండ్రు, చదువు!"

"'పోయిన మాటలు మనసుల పెట్టుకోకు. నేనేమనను. ఇంటికి రా. వాకిలి తీసే ఉంటది.'"

"వాకిలి తీసే ఉంటదా! నా వాకిలి! ఎవరు చెప్పిండ్రు నిన్ను తీయుమని?"

"నేను రేవక్క వాకిలి గురించి రాసిన సౌభాగ్యక్కా..."

"వానికేం తెలుసు ఎవల వాకిలో! సంఘం ఫోను, సంఘం పేరు. నేను సంఘంల ఉన్నానని వానికి తెలుసు. పిండి డబ్బా తీసి మోరీల పారబోసింది వాడే గద. చెయ్, మల్ల చెయ్. రావద్దని చెప్పు."

"చేస్తున్న... స్విచ్చాఫ్ వస్తుంది."

"రాయి మరి."

"ఆఫ్ ఉంటే ఎట్ల అందుతదక్కా?"

"మొన్నటిది చెరిపెయ్."

"అది చూసేసిండు. నీలం గీతలు పడ్డయి. ఇప్పుడు చెరిపితే ఏం ఫాయిదా?"

"నేర్పుడట నేర్పుడు! ఫోను లేనప్పుడు పానం నిమ్మళంగుండె. రాత్రి గొళ్ళెం పెట్టకుండ పండుకుంటున్న రేవక్కా. పిల్లలు ఉలిక్కిపడి లేస్తలేరు. చిన్నది పక్కల పోసుకునుడు మానింది. ఇప్పుడిప్పుడే... నేను పోత. పిల్లలను బడి నుంచి తీసుకొని సిర్గాపూర్ మా అమ్మ తాన్కి పోత."

"ఆగు సౌభాగ్యా."

"ఎట్ల ఆగాలె? వాడు బస్సు దిగంగనే సీద ఇంటికే వస్తడు. తాళం ఉంటే తలుపు తంతడు."

"ఆగు అంటున్న గద. జర నన్ను అర్థం చేసుకోనీ. నుజహత్, అయితే నేను పిలిచిన సంగతి మా ఆయనకు తెల్వదా?"

"తెల్వదక్కా."

"అసలుకే తెల్వదా?"

"తెల్వదు."

"మొన్నటి సంది ఇల్లు అలికిన. బొంత ఉతికిన. పుంటికూర పప్పు చేసి, పల్లీల పొడి దంచి, సద్ది గట్టుకొని వచ్చిన. బస్సు దిగంగనే ఆకలైతదని. ఎవనికోసం చేసినట్టు?"

"నన్ను తిట్టు రేవక్కా. కొట్టు. తప్పు నాదే. మా ఆఫీసోళ్ళకు జల్దీ చూపియ్యాలె, సంఘం అంతా ఆన్‌లైన్‌ల పడ్డదని ఫోటో పంపాలె, గా తొందర్ల పేర్లు..."

"బర్రె ముచ్చట గూడ రాయుమంటి నిన్ను. రాస్తివా?"

"పొడుగు రాస్తే ఎవరు చదవరక్కా. ట్రైనింగ్‌ల మాకు గట్లనే చెప్పిండ్రు. చిన్నగ రాయాలె అని..."

"'నన్ను అడగకుండ బర్రెను అమ్మితివి, నాకు కోపమొచ్చింది, పది మంది ముంగట నోరు జారిన, బర్రె తిరిగొచ్చేదాంక గడప తొక్కకు అన్న, అది తప్పే' అని రాయుమన్న. గది రాసుంటే ఇంకోడు ఎక్కుతుండెనా బస్సు? వానింట్ల బర్రెనే లేదాయె!"

"నేనే తీసేసిన. మంచిగ ఉంటదని."

"అది మెసేజ్ కాదు బిడ్డా, సంసారం. సంసారంల బర్రెలుంటయి, పేడ ఉంటది. అన్నీ తీసేసి మంచిగ చేస్తే అది ఎవల సంసారమో ఎట్ల తెలుస్తది?"

"ఇప్పుడు పంపుదాం అక్కా. బర్రెతోని సహా రాస్త. నీ చీటీల నంబర్ చూసి, ఒక్కొక్క అంకె నీకు చదివి చూపిచ్చి..."

"వద్దు."

"రేవక్కా..."

"వద్దంటున్న గద! ఒక్కసారి మొఖం చంపుకొని అడిగిన. అది గూడ పరాయి వాకిట్ల పడ్డది. మల్ల నా నోట రాదు. ఆయనకు పంతం, నాకు పంతం. గడప తొక్కకు అన్నది నేను, పిలువకుండ రాడు. ఆయన రాకుంటే నేనెట్ల పిలుస్తనని ఇన్ని దినాలు... మీరు ఎగేస్తే మొన్న నా మనసు మెత్తబడ్డది. ఇగ అయిపాయె. పిలువొద్దని దేవుడే అడ్డం పడ్డట్టున్నడు."

"దేవుడు కాదక్కా, నేను."

"ఎవరైతేంది. సౌభాగ్యా, కండ్లు తుడుచుకో. సిర్గాపూర్ పోవుడేం వద్దు. పిల్లలు బడి ఇడిసి ఎన్ని దినాలని దాక్కుంటరు? వాడు దిగంగనే నేను చెప్త. పిలిచింది నేను, నా మొగనికోసం పిలిచిన, నీకు తప్పి వచ్చింది, పో, అని."

"వాడు ఇంటడా రేవక్కా?"

"ఇనకుంటే ఇనిపిస్త."

"నీ ఇంటి ముచ్చట బస్టాండ్ల పది మంది ఇంటరు. 'మొగణ్ణి బతిలాడి పిలిపిచ్చుకుంటుంది' అని నవ్వుతరు."

"నవ్వితే నవ్వనీ. నవ్వెటోళ్ళు వచ్చి నీ తలుపుకు గొళ్ళెం పెడ్తరా? పార్సిల్ గది దిక్కు పోయి నిలబడు. ముంగటికి రాకు. నుజహత్, నువ్వు ఆమె పక్కన ఉండు."

"అక్కా, బస్సు!"

"చూసిన. పోండ్రి."

బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్ళలో సౌభాగ్య భర్త బసవరాజు చివరివాడు. కొత్త సంచి, దువ్విన తల.

"రేవక్కా! నువ్వొచ్చినవేంది? సౌభాగ్య ఏది?"

"బసవా, ఇటు రా. జర పక్కకు. దూపైతుందా? నీళ్ళు తాగు."

"నీళ్ళు ఇంటికాడ తాగుత. సౌభాగ్య రాలేదా? ఇంటికాడుందా?"

"నిన్ను పిలిచింది సౌభాగ్య కాదు బసవా."

"కాదా? మెసేజ్ వచ్చింది గద. ఇగో, ఫోన్లనే ఉంది. చార్జింగ్ అయిపోయింది గని, లేకుంటే చూపిస్తుంటి."

"అది నేను రాయించిన. మా ఆయనకు. తప్పి నీకు పోయింది."

"మజాక్ చేస్తున్నవా?"

"మజాక్ చేసే మొఖమేనా ఇది?"

"ఆడోళ్ళంతా ఒక్కటై నాటకాలు ఆడుతుండ్రా? ముందుగాల పిలుసుడు, దిగినంక కాదనుడు? జరుగు రేవక్కా. నా ఇల్లు అది. నేను పోత. ఎవరు ఆపుతరో చూస్త."

"అరువకు. తప్పు జరిగింది, అది మా తప్పు. నీకు తిరుగు బస్సు టికెట్ నేనే తీస్త."

"నాకు టికెట్ ఎందుకు? నా పెండ్లాం పిల్లలు ఈడుండంగ! జరుగు అంటున్న!"

"రేవక్క మీద చెయ్యి ఎయ్యకు."

"సౌభాగ్యా! నువ్వు ఈడనే ఉన్నవా? చూసినవా రేవక్కా, ఈడనే ఉంది. సిగ్గుపడి చాటుకుంది."

"సిగ్గు కాదు. భయం. భయపడి చాటుకున్న. అయినా వచ్చిన. రేవక్క చెప్పింది నిజం. నేను పిలువలే."

"నేను మారిన సౌభాగ్యా. తాగుడు మానిన. రూముల ఎవరినైనా అడుగు."

"మంచిదాయె. ఆడనే ఉండి మారు."

"పిల్లలను చూడొద్దా నేను?"

"చూడు. సంఘం కాడికి వచ్చి, నలుగురు ఉన్నప్పుడు చూడు. ఇంట్లకు రాకు బసవరాజూ."

"ఏందే, పేరు పెట్టి పిలుస్తున్నవా నన్ను?"

"పిలుస్త. ఫోన్ల గూడ ఇగ పేరే రాయిస్త, మల్ల తప్పిపోకుంట. నుజహత్, రాసుకో. బసవరాజు."

"సౌభాగ్యక్కా, శాబాష్..."

"ఊకో నుజహత్. నాకు ఏడుపొస్తుంది. పార్సిల్ ఇచ్చేసి నేను బడి దిక్కు పోత. రేవక్కా, నువ్వుంటవా?"

"ఉంట. నువ్వు పో బిడ్డా. నుజహత్ తోడొస్తది."

"నేను ఈడనే ఉంట రేవక్కా, నిన్ను ఒక్కదాన్ని..."

"నుజహత్, నాకేం కాదు. ఇతను నన్నేం చెయ్యడు. చూడు, మొఖం ఎట్లయిందో. ఆమెతోని పో."

నుజహత్ సౌభాగ్య వెంట వెళ్ళింది.

"బసవా. కూసో గా బల్ల మీద. పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"లే."

"ఇగో, సద్ది. తిను. ఆయనకోసం గట్టిన. నువ్వన్న తిను."

"నాకొద్దక్కా."

"తినురా. అన్నం మీద కోపమేంది? నువ్వు చేసిన పనికి ఆమె మంచిగనే మాట్లాడింది. నేనైతే రొట్టెల కర్ర తిరగేస్తుంటి."

"నిజంగ మారిన రేవక్కా. ఆ మాటలు ఇన్నంక రాత్రంత నిద్ర పట్టలే. 'నేనేమనను, వాకిలి తీసే ఉంటది.' ఎవరన్న నన్ను గంత మంచిగ పిలుస్తరా అనుకున్న. పిలువలేదన్న మాట."

"ఆ మాటలు నావే. మంచి మాటలే. నీవి మాత్రం కావు. ఏం చేస్తం."

"పప్పు మంచిగుంది."

"పుంటికూర. ఆయనకిష్టం. బసవా, ఒకటి అడుగుత. నీకు అచ్చరం ముక్క రాదు గద. గా మెసేజ్ నీకు ఎవరు చదివి చెప్పిండ్రు?"

"రూముల ఒకాయన."

"అయ్యో శివనే, నా మాటలు పరాయి మొగోడు చదివిండా! ఇజ్జత్ పోయింది."

"పరాయోడు కాదక్కా."

"మరెవరు?"

"నువ్వు 'మా ఆయనకు రాయించిన' అన్న కాడి నుంచి చెప్పాల్నా వద్దా అని చూస్తున్న."

"నోట్లెది మింగి చెప్పు."

"పట్నంల పని దొరకక తిరుగుతుంటే నాకు తన రూముల చోటిచ్చిండు. ఫోను మోగంగనే ఆయన చేతికిచ్చిన. చదివిండు. మల్ల చదువన్నా అన్న. మల్ల చదివిండు. నేను అడగకుండనే ఇంకోసారి చదివిండు. 'వస్తున్న, ఎల్లుండి పొద్దుగాల బస్సు' అని జవాబు కొట్టింది గూడ ఆయనే. పొద్దుగాల నా సంచి ఆయనే మోసి, సీట్ల కూసోబెట్టి, బస్సు కదిలేటప్పుడు కిటికీ పట్టుకొని అన్నడు, 'పో బసవా, నీకు పిలిచేటోళ్ళున్నరు. మా రేవమ్మ నన్ను ఎన్నటికి పిలువదు.'"